వాలిన మూడో అక్షరం

అచ్చుబాబాయి తన కూతురి పెళ్లి కార్డులో బావమరిది పేరును కావాలనే పాడుచేశాడని మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కొళాయి దగ్గర ఒక రకంగా, దర్జీ కొట్టు అరుగు మీద ఇంకో రకంగా. కొళాయి వాళ్ల కథలో బావా బావమరుదులకు ఎప్పుడో చెడింది, ఆ కసిని ఆయన ఒక అక్షరం మీద తీర్చుకున్నాడు. దర్జీ కొట్టు వాళ్ల కథలో కసీ లేదు గిసీ లేదు, ముప్పై ఏళ్లు సీసం అక్షరాలు చూసి చూసి కళ్లు మసకబారాయి, పాపం. నోట్లో నువ్వుగింజ నానని మనుషులు రెండే కథలతో ఊరుకున్నారంటే మెచ్చుకోవాల్సిందే. అయితే రెండూ అబద్ధాలే. జరిగింది వేరు. పిన్ని స్వయంగా చెప్పిన మాట ఇది. ఎవరో ఒకరు కాగితం మీద పెట్టకపోతే రేపు ఆయన మనవలు కూడా కొళాయి కథో కొట్టు కథో నమ్ముతారు.

అచ్చుబాబాయి వీధి చివరి ప్రెస్సులో కంపోజిటరు. అంటే అక్షరాలు ఏరి, పేర్చి, మాటలు కట్టేవాడు. పద్నాలుగో ఏట చేరి అక్కడే ముదిరాడు కాబట్టి అచ్చుబాబాయి. ఆయన భార్య కాబట్టి ఆవిడ పిన్ని. బక్కపలచటి మనిషి. పలకరిస్తే నవ్వుతాడు, అంతకు మించి ఖర్చు పెట్టడు. "మావాడి నోట్లోంచి మాట రావాలంటే ముందు ప్రూఫు తీసి దిద్దాలి" అని ప్రెస్సు యజమాని వేళాకోళమాడేవాడు.

ప్రెస్సు రెండు గదులు. ముందు గదిలో యజమాని బల్ల, దాని వెనక తీగకు వేలాడే నమూనా కార్డులు. వెనక గదిలో కాలితో తొక్కే మిషను, కిటికీ పక్కన అక్షరాల కేసులు. కేసంటే వెడల్పాటి చెక్క సొరుగు. దాని నిండా అగ్గిపెట్టెంత గళ్లు, ఒక్కో గడిలో ఒక్కో అక్షరం గుట్టగా. అచ్చయిన పనిని విడదీసి ఏ అక్షరాన్ని ఆ గడిలో వేయకపోతే మర్నాడు కంపోజిటరు గతి అధోగతే. గది నిండా సిరా, కిరసనాయిలు కలిసిన వాసన. ఆ వాసన బాబాయి చొక్కాల్లో ఉండేది, దిండులో ఉండేది, కూతురి చిన్నప్పటి జడలో కూడా ఉండేదని పిన్ని అంటుంది.

నిలువు అక్షరాల కేసులు పదకొండు. వాలు అక్షరాల కేసు ఒక్కటే. దాన్ని అవతలి గోడ పక్కన విడిగా పెట్టి, దుప్పటి ముక్క కప్పి ఉంచేవారు. యజమాని తండ్రి ఎక్కడో మూతపడిన ప్రెస్సు నుంచి ఏరి కోరి తెచ్చుకున్నది అది.

మామూలు అక్షరం, బడిలో పేరు పిలిస్తే లేచి నిలబడ్డ పిల్లాడిలా నిటారుగా ఉంటుంది. వాలు అక్షరం ఎదురుగాలిలో నడిచే మనిషిలా కుడివైపుకు ఒరిగి, పక్కదాని చెవిలో ఏదో ఊదబోతున్నట్టు ఉంటుంది. గీత ఒకచోట లావు, మలుపు తిరిగే దగ్గర వెంట్రుకంత సన్నం. మొదలు దగ్గరా కొస దగ్గరా పిల్లిగోరంత ముల్లు. ఆ ముల్లు లేకపోతే అక్షరం దుద్దులు తీసేసిన చెవిలా బోసిపోతుందని బాబాయి అనేవాడు. కొన్నింటికి తోకలుంటాయి. ఆ తోక సీసపు దిమ్మ మీద బుద్ధిగా కూర్చోదు. అంచు దాటి బయటికి పొడుచుకొచ్చి పక్కింట్లోకి తొంగిచూస్తుంది. మోటుగా పట్టుకుంటే పుటుక్కున విరుగుతుంది. అందుకే పక్క అక్షరం దాని మీద పడకుండా మధ్యన సన్నటి కాగితం పీలిక పెట్టి చోటు చేయాలి.

వాటి సంగతి ఎత్తితే చాలు, ఆ మాటల పొదుపరి చేయి జారిపోయేది. "నిలువుదాన్ని పక్కకు తోస్తే వాలుది అవుతుందనుకుంటారు జనం. అలా తోస్తే తాగినోడిలా ఉంటుంది. నిలువుది చెక్కిన అక్షరం, వాలుది రాసిన అక్షరం. చేతిరాతలోంచి పుట్టింది కాబట్టే దానికా వయ్యారం" అనేవాడు. ఏది ఎక్కడ వాడాలో కూడా ఆయనకు ఖచ్చితం. పుస్తకం మధ్యలో ఇంకో పుస్తకం పేరొస్తే వాలులో వేయాలి. పడవల పేర్లు వాలులో. పరాయి భాష మాట వాలులో. కథలో మనిషి పైకి అనకుండా లోపల అనుకున్నది వాలులో. పద్యం, అత్తరు సీసా మీది చీటీ, పాటకచేరీ కాగితం, అన్నీ వాలులోనే అందం. కానీ పేజీ అంతా వాలులో వేయమని ఎవరైనా వస్తే తల అడ్డంగా ఊపేసేవాడు. గుసగుస ఒక్క మాటకైతేనే గుసగుస, పొద్దస్తమానం గుసగుసలాడితే దాన్ని సణుగుడంటారని ఆయన లెక్క.

ఆ ప్రెస్సుకు ఇంకో కట్టుబాటు ఉండేది. పెళ్లి కార్డుల్లో పెద్దల పేర్లు వేస్తారు కదా. వాళ్లలో పోయినవాళ్లుంటే పేరుకు ముందు "కీర్తిశేషులు" అని తగిలించడం యజమాని తండ్రికి నచ్చేది కాదు. శుభమా అని పెళ్లి చేసుకుంటుంటే చావు కబురెందుకయ్యా అన్నాడాయన. బతికున్నవాళ్ల పేర్లు నిలువులో, ఒరిగినవాళ్ల పేర్లు వాలులో. అంతే, ఇంకో మాట అక్కర్లేదు. చుట్టుపక్కల నాలుగు వీధులకూ ఇది అలవాటైపోయింది. కార్డు చేతికి రాగానే ముహూర్తం కన్నా ముందు ఎవరు నిలబడ్డారు, ఎవరు వాలారు అని చూసేవాళ్లు. "అయ్యో, పెళ్లికొడుకు తాతగారు పోయారటే? మనకు చెప్పనే లేదు, చూశావా!" అని నొచ్చుకునేవాళ్లు.

పిన్నికి ఈ నియమం యజమానికన్నా బాగా తెలుసు. ప్రెస్సులో అచ్చయిన కార్డులు దస్తాలుగా ఇంటికి వచ్చేవి. ముందు గదిలో చాప పరచుకుని, వెదురు బద్దతో ఒక్కో కార్డునీ మడత నొక్కి, కవర్లు అంటించేది ఆవిడే. ఆవిడ చదువంతా ఆ కార్డుల మీద సాగిందే. పెద్ద పుస్తకం ఇస్తే తడబడుతుందేమో గానీ, పెళ్లి కార్డు ఇస్తే అందులో మిగతావాళ్లకు కనబడనిది కూడా చదువుతుంది.

ఆవిడకు ఒక్కడే తమ్ముడు. వాళ్లమ్మ పోయేటప్పటికి వాడికి రెండేళ్లు, ఈమెకు పదమూడు. ఎత్తుకుని తిరిగి, తన పళ్లెంలోంచి తినిపించి పెంచింది. పెళ్లయి కాపురానికొస్తుంటే కొంగు వదలకుండా వెంటే వచ్చేశాడు. "పెళ్లాం వస్తుందనుకున్నాను గానీ తోకతో సహా వస్తుందనుకోలేదే" అన్నాడట బాబాయి. ఆ రోజు నుంచి వాడు తోకగాడు.

వాడికి పదిహేడు నిండాక బాబాయి ప్రెస్సుకు తీసుకెళ్లాడు. మంచివాడే, చురుకైనవాడే, చెయ్యి మాత్రం గడ్డపార. వాలు అక్షరం ముట్టుకుంటే తోక విరిగేది.

"ఒరేయ్, నీకా పేరు ఎవడు పెట్టాడో గానీ సార్థకం చేశావురా!" అని బాబాయి తల పట్టుకునేవాడు.

"నువ్వే కదా బావా పెట్టింది."

"పెట్టినవాడికి బుద్ధి లేదు."

"ఆ మాట అక్క ఎప్పుడో చెప్పింది."

ఇంట్లో భోజనాల బల్ల మీద అక్షరాలు కుప్ప పోసి వాడికి పాఠం నడిచేది. "కళ్లు మూసుకో. ఇది నిలువా, వాలా?" అనేవాడు బాబాయి.

"కళ్లు మూసుకుని ఎలా చూస్తాను బావా, నాకేమన్నా వీపున కళ్లున్నాయా?"

"బొటనవేలితో చూడు. దిమ్మ పక్కన గాటుంటుంది. నిలువుదానికి ఒక గాటు, వాలుదానికి రెండు. కంపోజిటరు చూపంతా ఆ వేలి కొసలోనే ఉందిరా సన్నాసీ."

పిన్ని పక్కన కార్డులు మడుస్తూనే నవ్వేది. పాఠం వాడికి ఎక్కిందో లేదో గానీ ఆవిడకు ఎక్కింది. ఇంటికొచ్చే అక్షరాలను ఆవిడ కూడా కళ్లు మూసుకుని వేరు చేయగలిగేది.

రెండేళ్లకు తోకగాడు సరుకుల పడవలో ఇంజను గది పని సంపాదించుకొచ్చాడు. "ఇక్కడ పట్టుకున్నదల్లా విరుగుతోందక్కా. అక్కడ అంతా ఇనుమే, నేనేం చేసినా విరగదు" అన్నాడు. పిన్ని ఏడ్చింది, సంచీ సర్దింది. బాబాయి మాత్రం గడపలో నిలబడి జన్మలో మొదటిసారి గొంతెత్తాడు. "నీళ్ల మీద బతుకేమిటిరా! వెళ్లావో, మళ్లీ ఈ గడప తొక్కకు!" అని అరిచాడు. వీధంతా విన్నది. కొళాయి కథకు విత్తనం పడింది అక్కడే. అది కోపం కాదని, వాడి మీది బెంగ గొంతు పట్టక అరుపై బయటపడిందని వీధికి ఎవరు చెప్తారు? మలుపు తిరిగేదాకా వాడి సంచీ తానే మోసుకెళ్లాడు బాబాయి. అది చూడటానికి అప్పుడు ఎవరూ బయట లేరు.

ఆపైన ఉత్తరాలు. ప్రెస్సు చిరునామాకైతే తప్పకుండా చేరతాయని వాడు అక్కడికే రాసేవాడు. రెండు నెలలకొకటి. బాబాయి సాయంత్రం తెచ్చి పైకి చదివేవాడు, పిన్ని రెండోసారి తనంతట తాను కూడబలుక్కుని చదువుకునేది. "బావా, పడవల పేర్లు వాలులో వేస్తారని మా కెప్టెనుకు చెప్పాను. ఆయన కంగారుపడి పడవంతా తనిఖీ చేయించాడు" అని ఒకసారి రాశాడు. బాబాయి ఆ ముక్క నాలుగుసార్లు చదివి నాలుగుసార్లూ నవ్వాడు. ఎనిమిదేళ్లలో మూడుసార్లు వచ్చి వెళ్లాడు కూడా. వచ్చినప్పుడల్లా మేనకోడలి జడ పట్టి లాగి, "నీ పెళ్లికి కార్డులు నేనే కంపోజు చేస్తానే. ఒక్క అక్షరానికీ తోక ఉండదు, చూసుకో" అని ఆటపట్టించేవాడు.

ఆ పిల్లకే పెళ్లి కుదిరింది. పిన్ని తమ్ముడికి తేదీ రాయించింది. బదులు రాలేదు. అంతకుముందు కూడా అయిదు నెలలుగా ఉత్తరం లేదు. "ఏ రేవులో ఉన్నాడో, ఉత్తరం వెనకబడి ఉంటుంది. వాడే ముందొచ్చేస్తాడేమో" అని తనకు తానే సర్దిచెప్పుకుంది. కార్డులో మేనమామ అని వాడి పేరు పడాలని పట్టుబట్టింది. బాబాయి సరేనన్నాడు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం ఆయన ఇంటికొచ్చి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు. కడుక్కున్నాడు, తుడుచుకున్నాడు, మళ్లీ వెళ్లి కడుక్కున్నాడు. మూడోసారి లేచేసరికి పిన్ని, "ఏమండీ, తోలు ఊడొస్తుంది. ఏమైంది?" అంది.

"సిరా వదలట్లేదు" అన్నాడు. ఆయన చేతుల మీద సిరా లేదు. భోజనం దగ్గర మెతుకులు కెలికి లేచిపోయాడు. ఆడపిల్ల వెళ్లిపోతోందన్న దిగులు కాబోలు అనుకుంది ఆవిడ. ఆడపిల్ల తండ్రి ఎలా ఉన్నా దానికో పేరు పెట్టుకోవచ్చు కదా.

పెళ్లి కార్డు పని ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. గంట పని. మూడు రోజులు పట్టింది. "ఏమయ్యా, పెళ్లి ఈ ఏడే కదా?" అని యజమాని ఎగతాళి చేస్తే కూడా నవ్వలేదట. నాలుగో రోజు నాలుగు వందల కార్డులు కట్ట కట్టి తెచ్చి చాప పక్కన పెట్టి, మంచినీళ్లయినా తాగకుండా వెనక్కి వెళ్లిపోయాడు.

పిన్ని కాళ్లు చాపుకుని కూర్చుని మొదటి కార్డు తీసింది. కూతురి పేరు చూసుకుని మురిసింది. కింద అత్తమామల పేర్లు, తన తల్లి పేరు వాలులో ఉన్నాయి. ఉండాల్సిందే, ముగ్గురూ పోయారు. ఇంకా కింద మేనమామ. తమ్ముడి పేరు. అయిదక్షరాల పేరు. నాలుగు నిలబడి ఉన్నాయి. మూడోది ఒరిగి ఉంది.

కొంగుతో తుడిచింది, సిరా ఏమైనా జారిందేమోనని. రెండో కార్డు తీసింది. కట్ట మధ్యలోంచి ఒకటి లాగింది. అడుగుది లాగింది. అన్నిట్లోనూ అంతే.

ఆవిడ స్థానంలో ఇంకొకరైతే పొరపాటనుకుని ఊరుకునేవాళ్లు. ఒక గడి అక్షరం ఇంకో గడిలో పడటం ప్రెస్సుల్లో మామూలే. కానీ ఆ వాలు కేసు గదికి అవతలి గోడ దగ్గర, దుప్పటి కింద ఉంటుందని ఆవిడకు తెలుసు. రెండు గాట్లున్న అక్షరం ఆయన బొటనవేలిని దాటిపోవడం జరగదనీ తెలుసు. దర్జీ కొట్టు వాళ్ల కళ్ల కథ ఆ ఇంట్లో చెల్లేది కాదు. వీటన్నిటికీ మించి, ఆ మూడో అక్షరం తోక నాలుగోదాని మీద పడకుండా మధ్యన వెంట్రుకంత చోటు విడిచి ఉంది. కాగితం పీలిక పెట్టి చేసిన చోటు అది. పొరపాటున పడ్డది చోటు చూసుకుని కూర్చోదు.

మరి కసా? ఆ మాట ఆవిడ మనసులోకి రానేలేదు. కట్టుకున్నవాడి మంచితనం ఒక ఆడదానికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది.

ఇక మిగిలింది ఒక్కటే. చేతులు మూడుసార్లు కడుక్కున్న సాయంత్రం ఆవిడకు అప్పుడు అర్థమైంది.

పక్కింటావిడ అప్పుడే గిన్నె అడగడానికి వచ్చి గుమ్మంలో నిలబడింది. పిన్ని వెదురు బద్ద తీసుకుని మొదటి కార్డు మడత నొక్కింది. తర్వాత రెండోది. "ఏం వదినా, చెమటలు కారిపోతున్నాయి, గాలాడట్లేదా?" అంటే, "అవును, ఉక్కగా ఉంది" అంది. సాయంత్రానికి నాలుగు వందలూ మడిచింది. ఒక్క మడత వంకర పోలేదు. అడిగితే ఆయన చెప్పేస్తాడు. అబద్ధమాడటం చేతకాని మనిషి. చెప్పేస్తే ఇక వాడు లేనట్టే. అడగనంత కాలం వాడు ఏ రేవులోనో ఉన్నాడు, ఉత్తరం వెనకబడింది, అంతే. పైగా పెళ్లి ఇరవై రోజుల్లో ఉంది. పిల్ల నవ్వుతూ తిరుగుతోంది.

మర్నాడే గొడవ పుట్టింది. కాబోయే వియ్యపురాలి చేతికి కార్డు అందింది. "ఇదేమిటమ్మా, మేనమామ సగం ఉన్నట్టా సగం పోయినట్టా?" అని కబురు పెట్టింది. పిల్ల ఏడుపు లంకించుకుంది. "ఇన్ని పేర్లుండగా మామయ్య పేరే దొరికిందా నాన్నా తప్పు పెట్టడానికి?" అంది. బాబాయి కిటికీలోంచి వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. యజమాని పరుగున వచ్చాడు.

"చూడమ్మా, మా ప్రెస్సు పరువు పోతుంది. మళ్లీ అచ్చేయించేస్తాను, రేపటికల్లా ఇస్తాను" అన్నాడు. "ఏమయ్యా, కళ్లద్దాలు మార్పించుకో అని చెప్తే విన్నావా?"

"తప్పు నాదే, మళ్లీ వేద్దాం" అన్నాడు బాబాయి. అంటూ పిన్ని వైపు చూశాడు.

ఆవిడ కవర్లకు జిగురు రాస్తోంది. తల ఎత్తలేదు. "వద్దు, పంచేయండి. ఒక్క అక్షరానికి నాలుగు వందల కార్డులు తగలేస్తారా? వచ్చేవాళ్లు పెళ్లికొస్తున్నారా, ప్రూఫు దిద్దడానికా?" అంది.

యజమాని నవ్వి వెళ్లిపోయాడు. కార్డులు పంచారు. కొళాయి దగ్గర కొళాయి కథ పుట్టింది, కొట్టు దగ్గర కొట్టు కథ. "గడప తొక్కొద్దన్నవాడు పేరు మాత్రం నిలబెడతాడా?" అన్నారు. పిన్ని బిందె పట్టుకుని వస్తే నోళ్లు మూతపడేవి, వెళ్తే మళ్లీ తెరుచుకునేవి.

పెళ్లి బాగానే జరిగింది. హాలు నిండింది. ఎవరో ఒకరు గుమ్మంలోకి వచ్చినప్పుడల్లా అందరూ తలలు తిప్పారు, మేనమామేమోనని. పిన్ని ఒక్కసారి కూడా గుమ్మం వైపు చూడలేదు. హాలుకు అవతలి చివర నిలబడి బాబాయి ఆవిడ వైపే చూస్తున్నాడు. ఆవిడకు తెలుసు. పిల్ల మెడలో దండ సర్దే మిషతో అటు వీపు తిప్పేసింది.

పిల్ల వెళ్లిపోయాక ఆ ఇంట్లో ఇద్దరు మిగిలారు. ఇద్దరి మధ్య మాటలు తగ్గలేదు. ఉప్పు సరిపోయిందా, గొడుగు తీసుకున్నారా, జిగురు అయిపోయింది. ఆ మాటలన్నీ జాగ్రత్తగా ఒక చోటికి వచ్చి, చుట్టు తిరిగి వెళ్లిపోయేవి. రేవు, పడవ, ఉత్తరం, ఈ మూడు మాటలు ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. పక్కింటావిడ ఒకసారి, "తమ్ముడి కబురేమైనా తెలిసిందా వదినా?" అని ఉండబట్టలేక అడిగింది. "ఇంకా లేదు" అంది పిన్ని. ఆ మాట అన్నందుకు ఆ రోజంతా ఆవిడకు కాస్త కడుపు నిండినట్టు అనిపించిందట. ఇంకా లేదంటే రేపో ఎల్లుండో ఉండొచ్చని కదా.

బాబాయి వాలు కేసు ముట్టుకోవడం మానేశాడు. ఏ కార్డులోనైనా పోయినవాళ్ల పేరుంటే ఆ పని యజమానికి తోసేసేవాడు. కళ్లు నిజంగానే పోయాయని యజమాని ఊరంతా చెప్పాడు.

నాలుగు నెలలకు పిల్ల పుట్టింటికి వచ్చింది. సంచీ కింద పెట్టీ పెట్టకముందే పెరటి దారిన వంటింట్లోకి వచ్చి తల్లి చెవి దగ్గర చేరింది. తండ్రి పెరట్లో బట్టలు ఆరేస్తున్నాడు.

"అమ్మా, నాన్నకు మామయ్యంటే అంత పడదా?"

"ఎవరన్నారే?"

"మా అత్తగారింట్లో అందరూ అంటున్నారు. వచ్చినవాళ్లందరికీ ఆ కార్డు చూపించి మరీ చెప్తున్నారు. నేను మొదట నమ్మలేదు. కానీ నాన్న మామయ్య ఊసే ఎత్తడు, చూశావా? పెళ్లిలో ఒక్కసారైనా, మావాడు రాలేదే అన్నాడా? అంత కసి ఉన్న మనిషితో నాకు మాట్లాడబుద్ధి కావట్లేదమ్మా. లోపలికి వస్తూ పలకరించలేదు కూడా."

పిన్ని ముందున్న కత్తిపీట పక్కకు జరిపింది. పెరట్లో ఆయన తడిబట్ట దులుపుతున్నాడు. కూతురు తన పక్కనుంచి తల తిప్పుకుని వచ్చేసిందని ఆయనకు తెలుసు. దులిపిన దాన్నే మళ్లీ దులుపుతున్నాడు.

ఆవిడకు చెరో చేతిలో చెరొకటి ఉన్నట్టయింది. ఇటు, అడగనంత కాలం బతికుండే తమ్ముడు. రెండేళ్ల వయసులో తన పళ్లెంలోంచి తిన్నవాడు. అటు, అడిగితే తప్ప కూతురి దగ్గర తలెత్తుకోలేని మనిషి. నాలుగు నెలలూ ఆయన పరువుతో తన తమ్ముణ్ణి బతికించుకుంటూ వచ్చానని ఆవిడకు అప్పుడు తోచింది. కొళాయి దగ్గర ఆ మనిషిని తిడుతుంటే విని కూడా నోరు మూసుకుని బిందె నింపుకొచ్చింది. పక్కింటావిడతో "ఇంకా లేదు" అని కడుపు నింపుకుంది. ఆ బిల్లంతా ఆయన ఒక్కడే కట్టాడు, కిక్కురుమనకుండా.

లేచింది. "నువ్వూ రా" అని కూతురి చెయ్యి పట్టుకుంది.

"ఎక్కడికమ్మా?"

"విందువుగాని."

పెరటి గుమ్మం దాటేటప్పుడు ఆగి గోడ పట్టుకుంది. ఒక్క అడుగు వెనక్కి వేస్తే చాలు, వాడు ఏ రేవులోనో నూనె మరకల చొక్కా ఉతుక్కుంటూ ఉంటాడు. వేయలేదు. దండెం దగ్గరికి వెళ్లి ఆయన చేతిలోని తడిబట్ట తీసుకుంది.

"ఏమండీ" అంది. "వాడి పేరులో ఆ మూడో అక్షరం ఎందుకు వాల్చారు?"

బాబాయి కూతురి వైపు చూశాడు. తర్వాత భార్య వైపు చూశాడు. ఖాళీ అయిన చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక పంచెకు తుడుచుకున్నాడు.

"నేను వాల్చలేదే" అన్నాడు. "పేరంతా వాలులోనే కట్టాను ముందు. కంపెనీ వాళ్ల కాగితం వచ్చింది ప్రెస్సుకు. జ్వరమొచ్చి పోయాడట, అక్కడే పూడ్చారట. నాలుగు రోజులు జేబులో పెట్టుకు తిరిగా. కార్డు కట్టి ప్రూఫు తీస్తే వాడు మీ అమ్మ పక్కన పడుకున్నట్టుంది. చూడలేకపోయా. పీకేసి ఒక్కొక్కటే నిలబెడుతూ వచ్చా, పిల్ల పెళ్లయ్యేదాకా నీకు తెలియకూడదని. నాలుగు నిలబెట్టా. ఆ ఒక్కదాని దగ్గరికి వచ్చేసరికి... అదీ నిలబెట్టేస్తే ఇక నాకొక్కడికే తెలిసి ఉంటుంది కదా. ఒక్కణ్ణీ మొయ్యలేననిపించింది. నోటితో చెప్పడం నాచేత కాదు, నీకు తెలుసు. నువ్వు చూస్తావనే వదిలేశా. చూశావనీ తెలుసు, మళ్లీ అచ్చెయ్యొద్దు అన్నప్పుడే. ఇక అడుగుతావనుకున్నా. నాలుగు నెలలైందే... రోజూ గడపలో కాలు పెడుతూ, ఇవాళ అడుగుతుంది, ఇవాళ అడుగుతుంది అనుకుంటూనే వస్తున్నా."